చిటికెడు దుమ్ము... ఎన్ని టన్నులు?

విశాఖపట్నం వన్ టౌన్‌లో ఏ ఇంటి ఇల్లాలినైనా అడిగి చూడండి. "పొద్దున్న తుడిచిన గడప సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుందండీ" అంటారు. మేడ మీద ఆరేసిన తెల్ల పంచె, కిటికీ ఊచలు, వంటింటి గట్టు... ఎక్కడ వేలితో రాసినా నల్లటి గీత పడుతుంది. కోట వీధి నుంచి కురుపాం మార్కెట్ దాకా ఏళ్ల తరబడి వినిపించే గోడే ఇది. పక్కనే పోర్టు. పోర్టులో బొగ్గు గుట్టలు, ఇనుప ఖనిజం గుట్టలు.

ఇప్పుడు అదే ఇంటికి వచ్చే పేపరు తిరగేయండి. ఒక పేజీలో, పోర్టు ఈ ఏడాది ఇన్ని మిలియన్ టన్నుల సరుకు రవాణా చేసిందని వార్త. ఇంకో పేజీలో, గాలిలో ధూళి ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు ఉందని వార్త. మొదటి అంకె చూస్తే కళ్లు తిరుగుతాయి. రెండోది చూస్తే "ఓస్, మైక్రోగ్రాములేగా!" అనిపిస్తుంది. ఒకటి ఊహకందనంత పెద్దది, ఇంకోటి కంటికి కనబడనంత చిన్నది. ఆ రెండింటి మధ్యా ఉన్నది మన గడప మీది చిటికెడు దుమ్ము.

ఈ మూడింటినీ ఒకే తక్కెడలో వేసి తూచడం కుదురుతుందా? కుదురుతుంది. అందుకు కావలసిన పనిముట్టు హైస్కూలు పిల్లల లెక్కల పుస్తకంలోనే ఉంది. 'ఘాతాంకాలు' అనే పాఠం అది. పరీక్షలో నాలుగు మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేసే ఆ పాఠం మన గడప దాకా ఎలా పనికొస్తుందో ఈ వారం చూద్దాం. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఓ పెన్సిలూ, చిత్తు కాగితమూ చాలు.

సున్నాలకు వేరే సంచీ

పెద్ద అంకెల దగ్గర ముందు వచ్చే చిక్కు పేర్లతోనే. మనం లక్షల్లో, కోట్లలో లెక్కపెడతాం. పోర్టు లెక్కలు మిలియన్లలో ఉంటాయి. మిలియన్ అంటే పది లక్షలు. బిలియన్ అంటే వంద కోట్లు. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. చదివినప్పుడు బాగానే ఉంటుంది, అరగంట తర్వాత అడిగితే తికమక!

పేర్లు పక్కన పెట్టి, 1 తర్వాత వచ్చే సున్నాలు లెక్కపెట్టండి. లక్షకు ఐదు సున్నాలు. కాబట్టి 10⁵. మిలియన్‌కు ఆరు. 10⁶. కోటికి ఏడు. 10⁷. పది నెత్తిన కూర్చున్న ఆ చిన్న అంకే ఘాతాంకం. దీంతో ఉన్న సుఖం ఏమిటంటే, గుణకారం వచ్చినప్పుడు నెత్తిమీది అంకెల్ని కూడితే చాలు. భాగహారం వస్తే తీసేస్తే చాలు. లక్ష కోట్లు ఎంత? 10⁵ × 10⁷ = 10¹². అయిపోయింది.

మరి 81 మిలియన్ అయితే? 81 × 10⁶. దీన్నే 8.1 × 10⁷ అని రాస్తే శాస్త్రీయ రూపం అవుతుంది. ముందున్న సంఖ్య 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి, 10 కంటే తక్కువ ఉండాలి. మిగతా సున్నాలన్నీ పది నెత్తికి ఎక్కాలి. అంటే సంఖ్య ఒక సంచీలో, సున్నాలు ఇంకో సంచీలో అన్నమాట. రెండింటినీ కలిపేస్తేనే తప్పులు వస్తాయి.

ఈ 81 మిలియన్ ఊరికే అనుకున్న అంకె కాదు. 2023-24లో విశాఖపట్నం పోర్టు సుమారు అన్ని టన్నుల సరుకు రవాణా చేసింది. ముడిచమురు, కంటైనర్లు, బొగ్గు, ఇనుప ఖనిజం అన్నీ కలిపి. అంటే 8 కోట్ల 10 లక్షల టన్నులు. 1933లో పోర్టు తెరిచినప్పుడు మూడు బెర్తులు. ఏడాదికి 1.3 లక్షల టన్నుల సరుకు. ముఖ్యంగా మాంగనీసు ఖనిజం ఎగుమతి కోసం కట్టిన రేవు అది. తర్వాత బైలదిల్లా ఇనుప ఖనిజం రైలెక్కి వచ్చింది, 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది.

మరి పోర్టు ఎన్ని రెట్లు పెరిగింది? 8.1 × 10⁷ ని 1.3 × 10⁵ తో భాగించాలి. సంఖ్యల సంచీ: 8.1 ÷ 1.3 = సుమారు 6.2. సున్నాల సంచీ: 7 లోంచి 5 పోతే 2. జవాబు 6.2 × 10², అంటే 620 రెట్లు. క్యాలిక్యులేటర్ అక్కర్లేకుండానే!

ఊరు మాత్రం 620 రెట్లు దూరం జరగలేదు. ఆ పేటలు అప్పుడు ఎక్కడున్నాయో ఇప్పుడూ అక్కడే ఉన్నాయి.

బంగారం కొట్లో ఆగిపోయే తక్కెడ

ఇక చిన్నవైపు వద్దాం. కురుపాం మార్కెట్లో బంగారం కొన్నవాళ్లకు ఇది కొత్త కాదు. బిల్లు మీద 8.125 గ్రాములు అని ఉంటుంది. ఆ చివరి 5 ఉందే, అది 5 మిల్లీగ్రాములు. మిల్లీ అంటే వెయ్యో వంతు. దీన్ని 10⁻³ అని రాస్తాం. నెత్తిమీద మైనస్ గుర్తు ఉంటే, ఒకటిని అన్నిసార్లు పదితో భాగించమని అర్థం. మైక్రో అంటే మిల్లీలో వెయ్యో వంతు. 10⁻⁶. కంసాలి తక్కెడ అంత చిన్న బరువు చూపించలేదు.

మరోవైపు టన్ను అంటే వెయ్యి కిలోలు, కిలో అంటే వెయ్యి గ్రాములు. టన్నుకు 10³ × 10³ = 10⁶ గ్రాములు. గ్రాముకు 10⁶ మైక్రోగ్రాములు. కాబట్టి టన్నుకు 10¹² మైక్రోగ్రాములు. ఇందాక చూశాం కదా, 10¹² అంటే లక్ష కోట్లు! పోర్టు తూకానికీ, గాలి తూకానికీ మధ్య ఉన్న దూరం ఇదే. పన్నెండు మెట్లు.

యూనిట్లు మార్చేటప్పుడు ఈ మూడు పనులు వరసగా చేయండి. ఒకటి, సంఖ్యను శాస్త్రీయ రూపంలో రాయండి. రెండు, యూనిట్ పేరు కొట్టేసి దాని స్థానంలో పది ఘాతం పెట్టండి. మూడు, సంఖ్యలు విడిగా, ఘాతాంకాలు విడిగా లెక్కకట్టండి. చివర్లో, వచ్చిన జవాబు నమ్మేలా ఉందో లేదో ఓసారి చూసుకోండి. ఇంట్లో మనిషి బరువు 6 గ్రాములని వస్తే ఎక్కడో మెట్టు జారినట్టే.

రోజుకు ఎంత పీలుస్తున్నాం?

గాలిలో ధూళిని పి.ఎం. 10, పి.ఎం. 2.5 అని రెండు రకాలుగా కొలుస్తారు. అంకె రేణువు అడ్డకొలతకు సంబంధించింది. పి.ఎం. 10 అంటే 10 మైక్రోమీటర్లు, అంతకన్నా చిన్నవి. 10 × 10⁻⁶ = 10⁻⁵ మీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 7 × 10⁻⁵ మీటరు. అంటే ఇలాంటి రేణువులు ఏడు వరసగా పేరిస్తే ఒక వెంట్రుకంత.

2009 నవంబరులో మన దేశం ఖరారు చేసిన ప్రమాణాల ప్రకారం, పి.ఎం. 10కి 24 గంటల సగటు హద్దు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. ఏడాది సగటు 60 దాటకూడదు. పి.ఎం. 2.5కు ఈ హద్దులు 60, 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ఏడాది హద్దులు ఇంకా గట్టివి. పి.ఎం. 10కి 15, పి.ఎం. 2.5కు 5.

సరే, గాలిలో సరిగ్గా 100 ఉందనుకుందాం. మనం రోజుకు ఎంత పీలుస్తాం? ఊరికే కూర్చున్న పెద్ద మనిషి నిమిషానికి పన్నెండుసార్లు, సారికి అర లీటరు చొప్పున గాలి పీలుస్తాడు. నిమిషానికి 6 లీటర్లు. రోజుకు 1,440 నిమిషాలు. 6 × 1.44 × 10³ = 8.64 × 10³ లీటర్లు. ఘనపు మీటరుకు 10³ లీటర్లు కాబట్టి 8.64 ఘనపు మీటర్లు. మెట్లెక్కుతాం, నడుస్తాం, బరువులు మోస్తాం. 10 ఘనపు మీటర్లని వేసుకుందాం.

10¹ ఘనపు మీటర్లు × 10² మైక్రోగ్రాములు = 10³ మైక్రోగ్రాములు. అంటే 10³ × 10⁻⁶ = 10⁻³ గ్రాము. ఒక మిల్లీగ్రాము! ఇందులో కొంత ముక్కులోనే చిక్కుకుంటుంది, కొంత ఊపిరితో బయటికి పోతుంది. అయినా రోజూ లోపలికి వెళ్లే లెక్క అది.

"మిల్లీగ్రామేగా!" అంటారా? ఆ ఒక్క మిల్లీగ్రామూ 2.5 మైక్రోమీటర్ల బొగ్గు రేణువులే అనుకుని ఎన్ని ఉంటాయో లెక్కేద్దాం. 2.5 మైక్రోమీటర్లు అంటే 2.5 × 10⁻⁴ సెంటీమీటరు. ఆ పొడవున్న చిన్న డబ్బా ఘనపరిమాణం కావాలంటే మూడుసార్లు గుణించాలి. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. 2.5 ని మూడుసార్లు గుణిస్తారు, 10⁻⁴ ని మాత్రం ఒకేసారి రాసి వదిలేస్తారు. ఘాతాన్ని కూడా మూడింతలు చేయాలి. 15.6 × 10⁻¹². డబ్బాలో పట్టే గుండు డబ్బాలో దాదాపు సగం. కాబట్టి 8 × 10⁻¹² ఘనపు సెంటీమీటర్లు. బొగ్గు ఘనపు సెంటీమీటరుకు 1.4 గ్రాముల బరువనుకుంటే, ఒక్క రేణువు సుమారు 1.1 × 10⁻¹¹ గ్రాము.

ఇప్పుడు 10⁻³ ని 1.1 × 10⁻¹¹ తో భాగించండి. మైనస్ 3 లోంచి మైనస్ 11 తీసేస్తే ప్లస్ 8. జవాబు సుమారు 0.9 × 10⁸, అంటే 9 × 10⁷. తొమ్మిది కోట్ల రేణువులు! యూనిట్ మార్చగానే చిన్నదనుకున్నది ఎలా కనిపిస్తుందో చూశారా? మిల్లీగ్రాము అబద్ధం కాదు, తొమ్మిది కోట్లూ అబద్ధం కాదు. ఏ యూనిట్లో చెబుతున్నారన్న దాన్నిబట్టి మన భయమూ, ధీమా మారిపోతున్నాయి. అందుకే రెండూ మార్చి చూసుకోవడం రావాలి.

ఇంటి మేడ మీద ఓ టబ్బు

ఇది పిల్లలతో చేయించదగ్గ పని. నాలుగు పక్కలా జానెడు ఎత్తు అంచున్న చదరపు టబ్బు ఒకటి తీసుకోండి. పొడవు 30, వెడల్పు 30 సెంటీమీటర్లు ఉందనుకుందాం. కడిగి, ఆరబెట్టి, వాన పడని వారంలో మేడ మీద పెట్టి వదిలేయండి. వారం తర్వాత లోపలి దుమ్మును మెత్తటి కుంచెతో కాగితం మీదకు దులపండి. ఆ కాగితాన్ని ముందే తూయించి ఉంచాలి. తెలిసిన బంగారం కొట్టు ఉంటే, "బాబాయిగారూ, ఓసారి ఇది తూచి పెడతారా" అంటే కాదనరు.

దుమ్ము 180 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి. ఇది లెక్క కోసం అనుకున్న అంకె. మీ టబ్బులో వచ్చేది మీదే. టబ్బు వైశాల్యం 30 × 30 = 9 × 10² చదరపు సెంటీమీటర్లు. చదరపు మీటర్లలోకి మార్చాలి. మీటరుకు 10² సెంటీమీటర్లు కాబట్టి, చదరపు మీటరుకు 10⁴ చదరపు సెంటీమీటర్లు. ఇక్కడ ఘాతాన్ని రెండింతలు చేయడం మరవకూడదు. 9 × 10² ÷ 10⁴ = 9 × 10⁻² చదరపు మీటర్లు.

దుమ్ము 180 మిల్లీగ్రాములు, అంటే 1.8 × 10⁻¹ గ్రాము. దీన్ని 9 × 10⁻² తో భాగిస్తే 0.2 × 10¹. చదరపు మీటరుకు 2 గ్రాములు. చిటికెడంటే చిటికెడే.

ఇప్పుడు టబ్బు వదిలేసి పేట మొత్తం చూడండి. చదరపు కిలోమీటరుకు 10³ × 10³ = 10⁶ చదరపు మీటర్లు. ఒక్కోదానికి 2 గ్రాముల చొప్పున 2 × 10⁶ గ్రాములు. టన్నుకు 10⁶ గ్రాములే కదా. కింద పైన ఉన్న 10⁶ లు కొట్టుకుపోతాయి. మిగిలింది... 2 టన్నులు! చదరపు కిలోమీటరుకు, అదీ వారానికి.

ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు. చదరపు మీటరుకు ఒక గ్రాము అంటే, చదరపు కిలోమీటరుకు ఒక టన్ను. పైనుంచి రాలే ధూళిని శాస్త్రవేత్తలు చదరపు కిలోమీటరుకు నెలకు ఇన్ని టన్నులని చెప్పే పద్ధతి ఒకటుంది. ఆ పెద్ద మాటకూ, మామ్మగారు రోజూ చీపురుతో ఎత్తిపోసే దుమ్ముకూ తేడా లేదు. యూనిట్ ఒక్కటే వేరు. ఇంటికి చిటికెడే. ఊరికి టన్నులు.

"పది లక్షల్లో ఒక వంతే!"

ఏ ఊళ్లో అయినా కాలుష్యం మాట వచ్చినప్పుడు "సరుకులో గాలికి పోయేది ఏపాటి, లక్షల్లో ఒక వంతు ఉంటుందేమో" అనే సమాధానం వినిపిస్తూ ఉంటుంది. ఆ వంతు నిజంగా చిన్నదే. కానీ దేంట్లో వంతు అన్నది అడగాలి. మిలియన్ టన్నుల పొడి సరుకులో పది లక్షల్లో ఒక వంతు, అంటే 10⁶ × 10⁻⁶ = 1 టన్ను. 10¹² మైక్రోగ్రాములు. రెండు చదరపు కిలోమీటర్ల పేట, వంద మీటర్ల ఎత్తు వరకు గాలి. 2 × 10⁶ × 10² = 2 × 10⁸ ఘనపు మీటర్లు. 10¹² ని దీంతో భాగిస్తే ఘనపు మీటరుకు 5 × 10³, అంటే 5,000 మైక్రోగ్రాములు. రోజువారీ హద్దుకు 50 రెట్లు.

అలాగని వన్ టౌన్ గాలి ఇలా ఉందని కాదు. ఆ టన్ను ఒక్కరోజులో లేవదు, ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా లేస్తుంది. పెద్ద రేణువులు దగ్గర్లోనే రాలిపోతాయి. మిగిలినదాన్ని గాలి తీసుకుపోతుంది. అయితే విశాఖ నగరం కొండల మధ్య గిన్నెలా ఉంటుంది. చలికాలపు రాత్రుల్లో గాలి కదలకపోతే ధూళి తొందరగా చెదరదు. కాబట్టి ఈ లెక్క చెప్పేది ఒక్కటే. వంతు చిన్నదైనంత మాత్రాన బరువు చిన్నది కానక్కర్లేదు. సరుకు గుట్టల మీద నీళ్లు చల్లడం, టార్పాలిన్లు కప్పడం, మూసిన షెడ్లలో నిల్వ చేయడం ఎందుకు ముఖ్యమో కూడా ఇదే చెబుతుంది. ఆ వంతును పదో వంతుకు తగ్గిస్తే నెత్తిమీద ఒక అంకె తగ్గుతుంది. ఊరికి అది చాలా పెద్ద తేడా.

మీ టబ్బులోని దుమ్ము ఎవరిదో మాత్రం ఈ లెక్క చెప్పలేదు. బొగ్గు ఎంత, ఖనిజం ఎంత, రోడ్డు మట్టి ఎంత, బళ్ల పొగ ఎంత, సముద్రపు ఉప్పు ఎంత అన్నది ప్రయోగశాలలో తేలాల్సిన సంగతి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి పథకంలో విశాఖపట్నం కూడా ఉంది. కాబట్టి ఆ వివరాలు అడిగే హక్కు ఊరివాళ్లకు ఉంది. అడిగేటప్పుడు ఈ మూడు ప్రశ్నలు మరిచిపోకండి. ఏ యూనిట్లో? ఎంత కాలానికి సగటు? ఎంత మేరకు, ఘనపు మీటరుకా, చదరపు మీటరుకా? 90 అనే అంకె ఒక్కరోజు సగటైతే హద్దులోనే ఉన్నట్టు. ఏడాది సగటైతే హద్దు దాటి ఒకటిన్నర రెట్లు అయినట్టు. అంకె ఒకటే, అర్థాలు రెండు!

ఈ వారం లెక్క

ఒక ఓడలో 75 వేల టన్నుల బొగ్గు వచ్చింది. దించేటప్పుడు లక్షలో ఒక వంతు దుమ్ముగా లేచి ఊరి మీద పడిందనుకుందాం. అది చదరపు మీటరుకు 2 గ్రాముల చొప్పున పరుచుకుంటే, 25 చదరపు మీటర్ల పెరళ్లు ఎన్ని నిండుతాయి? ముందు పిల్లల్ని చేయనివ్వండి. తర్వాత కింద చూడండి.

జవాబు: 7.5 × 10⁴ × 10⁻⁵ = 7.5 × 10⁻¹ టన్ను, అంటే 7.5 × 10⁵ గ్రాములు. 2తో భాగిస్తే 3.75 × 10⁵ చదరపు మీటర్లు. దాన్ని 25తో భాగిస్తే 1.5 × 10⁴. పదిహేను వేల పెరళ్లు. ఒక్కో ఇంట్లో ఊడ్చాల్సింది మాత్రం 50 గ్రాములే!